గడ్డి ఎండిన చారలు

"ఇక్కడ గడ్డి ఎందుకు లేదు?" అని అడిగింది డెన్మార్క్ కంపెనీ తరఫున వచ్చిన ఆవిడ.

మే నెల. తూర్పు జర్మనీలో కాట్‌బుస్ పట్నానికి దక్షిణాన, ఒకప్పుడు లిగ్నైట్ బొగ్గు తవ్వి ఆ తరవాత పూడ్చేసిన పెద్ద బయలు. అక్కడ సోలార్ పార్కు కట్టడానికి టెండరు పిలిచారు. టెండరు వేయాలనుకున్న కంపెనీల మనుషులు స్థలం చూసుకోవడానికి వచ్చారు. పసుపుపచ్చ కోట్లు తొడుక్కుని, బురదలో జాగ్రత్తగా అడుగులు వేస్తున్న ఆ గుంపును వెంటబెట్టుకుని తిప్పుతున్నది ఉర్సులా డొమాష్క. టెండరు కాగితాలు తయారుచేసిన ఇంజనీరింగ్ ఆఫీసు మనిషి. ప్యానెళ్లను మోసే ఇనుప గుంజ ఎంత లోతు దిగాలి, వరసకూ వరసకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, తీగలు ఏ దారిన పోవాలి, అన్నీ ఆమె చేతి మీదుగా పోయినవే. అందుకే పొద్దుటి నుంచి ఎవరేం అడిగినా తడుముకోకుండా చెబుతూ వచ్చింది.

ఈ ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయింది.

చుట్టూ గడ్డి మోకాలెత్తున పచ్చగా ఉంది. మధ్యలో పాపిడి తీసినట్టు ఒక గోధుమరంగు చార. దానికి అవతల ఇంకొకటి. ఆ పైన ఇంకొకటి. చారల్లో గడ్డి మొలవకపోలేదు, మొలిచి మాడిపోయింది. గత శరత్కాలం నుంచి ఉర్సులా ఈ నేల మీద తిరుగుతూనే ఉంది. అప్పుడు ఎటు చూసినా ఎండుగడ్డే కాబట్టి తేడా కనపడలేదు. ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనపడుతోంది.

"తెలీదు" అంది ఉర్సులా.

పక్కనే నిలబడ్డ ఆఫీసు యజమాని ఫోల్క్‌మార్ టీట్సె గట్టిగా దగ్గాడు. "అంటే ఆవిడ చెప్పేదేమిటంటే, రాతపూర్వకంగా జవాబు పంపుతామని."

"పంపుతాం. కాని ఇప్పటికైతే తెలీదు" అంది ఉర్సులా మళ్లీ.

తిరుగుదారిలో ఫోల్క్‌మార్ కారు వేగం పెంచాడు. ఇరవై ఏళ్ల స్నేహం వాళ్లది. అతను ఇలా తోలుతున్నాడంటే తిట్లు పోగుచేసుకుంటున్నాడని ఆమెకు తెలుసు.

"టెండర్లలో 'తెలీదు' అనే మాట లేదు ఉర్సులా. నిఘంటువులోంచే తీసేశారు."

"మరేమనాలి?"

"'నేల పరీక్షల నివేదిక చూడగలరు' అనాలి."

"నివేదికలో ఆ చారల ఊసే లేదు."

"అదే మన అదృష్టం."

"నీకు తెలుసుకోవాలని లేదూ?"

"నాకు భోంచేయాలని ఉంది."

టెండరు వ్యవహారంలో ఒక కట్టుబాటుంది. ఒక కంపెనీ అడిగిన ప్రశ్నకు ఇచ్చే జవాబు పోటీలో ఉన్న కంపెనీలన్నిటికీ పంపాలి. కాబట్టి ఆ జవాబులో ఏం రాసినా అందరూ చదువుతారు, చదివి దాన్నిబట్టి ధర పెంచుతారు. పార్కు కట్టిస్తున్న హాంబుర్గ్ కంపెనీకి అది సుతరామూ ఇష్టం ఉండదు. ఫోల్క్‌మార్ భయం అది. ఉర్సులా బుర్రలో మాత్రం ఆ క్షణాన హాంబుర్గ్ లేదు, ధరలు లేవు. ఎందుకు ఎండింది అన్న ముక్క ఒక్కటే తిరుగుతోంది.

ఆ మనిషి పుట్టుకే అంత. ఆమె పుట్టింది బ్రేజిన్ అనే పల్లెలో, జర్మనీలోనే ఉంటూ తమ సొంత భాష మాట్లాడుకునే సోర్బుల మధ్య. బడిలో జర్మన్ పేరు ఉర్సులా, ఇంట్లో సోర్బు పేరు వూర్షా. తల్లి చిన్నప్పుడే పోతే లేనా పెద్దమ్మ పెంచింది. బొగ్గు గని ఏడాదికింత ముందుకు జరుగుతూ వచ్చి, ఆమెకు పదేళ్లప్పుడు పల్లెను మింగేసింది. సామాన్లు లారీకెక్కిస్తూ అందరూ ఏడుస్తుంటే, ఈ పిల్ల పెద్దమ్మ గౌను అంచు పట్టుకుని "మన బావి ఎటు పోతుంది?" అని అడిగిందట. "నీళ్లు ఇంకిపోతాయే" అంటే, "నీళ్లు సరే, గుంత ఎటు పోతుంది?" అందట. కొత్త కాలనీలో ఆ మాట చెప్పుకుని చాలాకాలం నవ్వుకున్నారు.

తరవాత ఫ్రైబెర్గ్‌లో గనుల కొలతల చదువు చదివి, వచ్చి ఆ గనిలోనే ఉద్యోగానికి చేరింది. ఊరిని మింగిన గనిలో జీతానికి చేరడమేమిటని చుట్టాలు మూతి ముడుచుకున్నారు. ఆమెకేమో ఆ గొయ్యి అడుగు చూడాలని. చూసింది, కొలిచింది. రెండు జర్మనీలు ఒకటయ్యాక గని మూతపడింది. కొన్నాళ్లు వంటింటి అల్మరాలు అమ్మింది. ఇళ్లలో వంటిల్లు కొలవడానికి వెళ్లి, ఈ గోడ ఇలా వంకర ఎందుకొచ్చిందని ఇంటివాళ్లను విసిగించి ఒక్క అల్మరా అమ్మకుండా తిరిగొచ్చిన రోజులున్నాయి. చివరికి ఫోల్క్‌మార్ గాలిమరల పనికని చిన్న ఆఫీసు పెట్టుకుని ఆమెను పిలిచాడు. గాలిమరల వెనకే సోలార్ పార్కులు వచ్చాయి. అలా అరవై దగ్గర పడే వయసులో, తన పల్లెను మింగిన గొయ్యి మీదే మళ్లీ నిలబడింది.

శనివారం పార వేసుకుని ఒక్కతే బయలుకు వెళ్లింది. లారీలు తిరిగి నేల గట్టిపడి ఉంటుందని మొదట అనుకుంది. ఇనుప కడ్డీ గుచ్చి చూస్తే వెన్నలో దిగినట్టు దిగింది. లారీలు కావు. కుందేళ్లు మేసి ఉంటాయా అనుకుంది. కుందేళ్లు తాడు కట్టి గీసినట్టు వరసలో మేయవు. నేలలో యాసిడ్ గుణం ఉందేమోనని చేపల తొట్టెలు అమ్మే దుకాణంలో రంగు మారే కాగితాలు కొనుక్కుంది. చారలోని మట్టిని నీళ్లలో కలిపి కాగితం ముంచితే ఆకుపచ్చ రంగు వచ్చింది. అంటే నిక్షేపంలాంటి మట్టి. పక్కనున్న పచ్చిక కింది మట్టికీ దీనికీ తేడా లేదు. ప్యాంటు మోకాళ్లకు మట్టి, చేతిలో పనికిరాని మూడు ఊహలు. అలా ఇంటికొచ్చింది.

ఇంట్లో పొట్టుతో ఉడికించిన బంగాళాదుంపలు, వడగట్టిన గట్టి పెరుగు, పైన అవిసె నూనె. లేనా పెద్దమ్మకు ఎనభై దాటింది. ఉర్సులా ఇంట్లోనే కింది గదిలో ఉంటుంది. వంట మాత్రం ఎవరికీ వదలదు.

"ఏమే, ఎవరినైనా పాతిపెట్టి వచ్చావా?" అంది మోకాళ్లు చూసి.

ఉర్సులా చెప్పింది. గడ్డి, చారలు, కాగితాలు. పెద్దమ్మ దుంప పొట్టు తీస్తున్నదల్లా ఆగింది.

"ఏ వైపు? పాత రైలు కట్టకు అటువైపా?"

"అవును. ఏం?"

"ఏం లేదు. తిను."

"పెద్దమ్మా!"

"ఆ తరవాత అంతా కొట్టేశారు గాని, అక్కడ ఒకప్పుడు మేం దేవదారు మొక్కలు నాటాం. గని తవ్వి పూడ్చిన మేరకు అడవి పెంచాలని ఆడవాళ్ల దళం ఒకటి పెట్టారు కదూ, అందులో నేనూ ఉండేదాన్ని. నువ్వు అప్పుడు ఫ్రైబెర్గ్‌లో ఉన్నావు." పెద్దమ్మ కత్తి కింద పెట్టింది. "మొదటి ఏడు ఎంత బాగా నిలబడ్డాయో! ఫొటో కూడా తీశారు. రెండో ఏడు ఎండాకాలానికి నా వరసలన్నీ చచ్చాయి. నా వరసలే. హాంజా వరసలు పక్కనే నవనవలాడుతున్నాయి. దళం పెద్ద అందరి ముందూ 'లేనా, వేళ్లు పైకి పెట్టి నాటావా ఏంటి?' అన్నాడు. అందరూ నవ్వారు. హాంజా కూడా."

"నువ్వెప్పుడూ చెప్పలేదే."

"చెప్పుకునే మాటా అది? పెట్టుకో, నూనె ఇంకాస్త పోసుకో."

ఉర్సులా నూనె పోసుకోలేదు. మొదటి ఏడు బతికి రెండో ఏడు చావడం ఏమిటి? మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మొక్కలో తేడా ఏమిటి? వేరు. రెండో ఏడు వేరు కిందికి దిగుతుంది. తను కాగితం ముంచి చూసిందేమో జానెడు లోతు మట్టి. గడ్డి వేరు పాతుకునేదీ ఆ జానెడులోనే, వానలు తగ్గగానే మాడిపోయేదీ అందుకేనా? కిందికి దిగడానికి ఏదో అడ్డం ఉందా?

"ముద్ద నోట్లో పెట్టుకుని అలా చూస్తావేమే, భయమేస్తోంది" అంది పెద్దమ్మ.

సోమవారం గుంజలు దింపే యంత్రం నడిపే హెన్నోకు ఫోన్ చేసింది. శరత్కాలంలో ఈ నేల బలం చూడటానికి కొన్ని గుంజలు దింపి, పట్టి లాగి పరీక్షించింది అతనే. మళ్లీ ఓసారి లాగి చూద్దామని కొన్నిటిని అలాగే వదిలేశారు.

హెన్నో యంత్రం మీద కూర్చుని, కాఫీ ఫ్లాస్కు మూత తిప్పుతూ అన్నాడు. "ఇంజనీరమ్మా, ఈ గుంజలకు పరీక్ష అయిపోయింది. ఫస్టు క్లాసులో పాసయ్యాయి. మళ్లీ ఎందుకు బాధపెడతావు వాటిని?"

"బలం కోసం కాదు. పూర్తిగా బయటికి పీకు. ఒళ్లు చూడాలి."

"ఒళ్లా?" హెన్నో పగలబడి నవ్వాడు. "మా ఆవిడకి చెప్పకు, ఇలాంటి పనికి పిలిచావని."

మొదట పచ్చికలోని గుంజను పీకాడు. కిందిదాకా జింకు పూత వెండిలా మెరుస్తోంది. తరవాత చారలోది. యంత్రం గొలుసు బిగుసుకుంది, గుంజ కదిలింది, మెల్లగా పైకి వచ్చింది. పై జానెడు తళతళ. దాని కిందనుంచి పూత తెల్లగా పొడిపొడిగా రాలుతోంది. ఇంకా కిందికి వచ్చేసరికి పూతే లేదు. గోధుమరంగు తుప్పు, పొక్కులు పొక్కులుగా. భూమిలో ఉన్నది ఒక్క శీతాకాలం. ముప్పయ్యేళ్లు నిలబడాల్సిన గుంజ.

హెన్నో నవ్వు ఆగిపోయింది. యంత్రం ఆపి కిందికి దిగాడు. "ఏం తిన్నది దీన్ని?"

ఉర్సులా అప్పటికే బోర్లా పడుకుని, గుంతలోకి భుజం దాకా చెయ్యి పెట్టి మట్టి తీస్తోంది. పై మట్టి బూడిద రంగు. కిందిది నల్లగా, మధ్యమధ్య పసుపు పొడి. ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే అగ్గిపుల్ల గీసినట్టు వాసన. నీళ్లలో కలిపి కాగితం ముంచింది. కాగితం ఎర్రబడింది. నిమ్మరసంలో ముంచినా అంత ఎర్రబడదు.

మోకాళ్ల మీద కూర్చుని ఆ కాగితాన్ని చూస్తుంటే విషయం ఒక్కొక్క ముడీ విడిపోతూ వచ్చింది. గని రోజుల్లో మట్టిని ఇటు తవ్వి అటు పోయడానికి అరకిలోమీటరు పొడుగున్న ఇనుప వంతెన ఒకటి ఉండేది. తను రోజూ దాని పక్కనే నిలబడి కొలిచేది. అది మట్టిని కుప్పగా పోయదు, దున్నిన చాళ్లలా గట్లు గట్లుగా పోస్తుంది. భూమి పైనున్న మట్టి ముందు పడి కిందికి పోతుంది. అడుగున, బొగ్గు పక్కన పడుకున్న మట్టి చివర పడి గట్టు పైకి వస్తుంది. ఆ అడుగు మట్టిలో గంధకం ఉంది. లక్షల ఏళ్లు గాలి సోకకుండా ఉన్నది, గాలీ నీరూ తగలగానే యాసిడ్ అయి కూర్చుంది. మొక్కలు నాటే ముందు పైపైన సున్నం కలిపారు కాబట్టి ఆ జానెడు మట్టీ బాగుంది. నేల పరీక్షల వాళ్లు తవ్విన గుంతలు ఒక్కటీ చార మీద పడలేదు. అబద్ధం ఎవరూ రాయలేదు. పడాల్సిన చోట గుంత పడలేదు, అంతే.

తన పల్లె కింద, తన బావి అడుక్కి ఇంకా ఎంతో లోతున ఉన్న మట్టి ఇప్పుడు తన మోకాళ్ల కింద ఉంది. ఆమెకు దుఃఖం రాలేదు. ఎందుకో నవ్వు వచ్చింది.

"ఏంటమ్మా, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?" అన్నాడు హెన్నో.

"భూమిని బోర్లించి పెట్టారు హెన్నో. మనం దాని వీపు మీద కాదు, పొట్ట మీద నిలబడ్డాం."

"అందుకేనన్నమాట ఇంత కంపు."

ఆ గుంజను హెన్నో తన వ్యానులో ఆఫీసుకు చేర్చాడు. ఇద్దరూ మోసుకెళ్లి, ఫోల్క్‌మార్ సమావేశాల బల్ల మీద, కాగితాల మధ్య పడుకోబెట్టారు. ఫోల్క్‌మార్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తుప్పు పట్టిన చోట గోరుతో గీకాడు. పెచ్చు ఊడి బల్ల మీద పడింది.

"ఇప్పుడు రాయమంటావా, 'నేల నివేదిక చూడగలరు' అని?" అంది ఉర్సులా.

"నోర్ముయ్" అన్నాడు ఫోల్క్‌మార్, నెమ్మదిగా. ఆ తరవాత హాంబుర్గ్‌కు తనే ఫోన్ చేశాడు.

హాంబుర్గ్ కంపెనీ తరఫున ఈ పార్కు చూసుకునేది అన్స్‌గార్ వీలాండ్ అనే ఆయన. మర్నాడే రైలెక్కి వచ్చాడు. పట్నం బూట్లతో బయల్లోకి దిగి, చుట్టూ చూసి, కోపాన్ని మర్యాదలో చుట్టి అడిగాడు.

"డొమాష్క గారూ, చిన్న సందేహం. మీరు పనిచేస్తున్నది మా తరఫునా, టెండరు వేసేవాళ్ల తరఫునా?"

"మీ తరఫునేనండి."

"ఇది రాసి పంపితే ప్రతివాడూ ధర పెంచుతాడు. కొందరు పారిపోతారు. గడువు జరపాలి. మా బ్యాంకు వాళ్లు నా ప్రాణం తీస్తారు. ఇవన్నీ ఆలోచించారా?"

"ఆలోచించాను. పంపకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. కట్టినవాడు కట్టి పోతాడు. పదేళ్లకు ఒక గాలివాన వస్తుంది. ఈ ప్యానెళ్ల వరసలు కింద గడ్డి మేసే గొర్రెల మీద పడతాయి. అప్పుడు 'మీకు ముందే తెలుసా?' అని అడుగుతారు. మనకు తెలుసు కదండీ ఇప్పుడు."

"అడగకుండా ఉంటే తెలిసేది కాదు" అన్నాడు వీలాండ్ నిష్ఠూరంగా.

"గుంజలకు తెలిసేది" అన్నాడు వెనక నుంచి హెన్నో.

 ఉర్సులా చెంబెడు నల్లమట్టి తీసి వీలాండ్ ముందు పెట్టింది. "వాసన చూడండి." ఆయన చూశాడు. ముఖం చిట్లించి, మళ్లీ చూశాడు. "అగ్గిపెట్టె!" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఇక అక్కడ మొదలు. ఎంత లోతులో ఉంది, చారలన్నీ ఇంతేనా, పక్కకు పాకుతుందా, వానాకాలంలో ఏమవుతుంది... ఒకదాని మీద ఒకటి. కాసేపటికి పట్నం బూట్లతోనే చార వెంట నడుస్తూ, ఉర్సులా కంటే ముందు పోయి, "ఇక్కడ కూడా! ఇటు రండి, ఇక్కడ కూడా!" అని కేకలేస్తున్నాడు.

"అంటుకుంది" అన్నాడు ఫోల్క్‌మార్ ఉర్సులా చెవిలో. "నీ జబ్బు."

జవాబు అన్ని కంపెనీలకూ వెళ్లింది. గడువు మూడు వారాలు జరిగింది. చారల మీద మళ్లీ గుంతలు తవ్వి మట్టి పరీక్ష చేయించారు. ఒక కంపెనీ తప్పుకుంది. మిగిలినవాళ్లు ధర పెంచారు, అయితే వీలాండ్ భయపడ్డంత కాదు. ఎందుకంటే ఉర్సులా ఊరికే కష్టం చెప్పి వదలలేదు. చారల మీద గుంజలు దింపకుండా, నేల మీదనే కాంక్రీటు దిమ్మెలు పెట్టి వాటికి ప్యానెళ్లు బిగించే పద్ధతి గీసి, లెక్కలు కట్టి జతచేసింది. మరీ చెడ్డ చారలు రెండిటిని ఖాళీగా వదిలేయమంది. పని డ్రెస్డెన్ వైపు కంపెనీకి దక్కింది. ఆమెను ఎవరూ పొగడలేదు. వీలాండ్ మాత్రం అప్పుడప్పుడూ ఫోన్ చేసి, పనితో సంబంధం లేని ప్రశ్నలు అడిగేవాడు. బొగ్గులో ఆకుల అచ్చులు దొరుకుతాయంటారు, నిజమేనా లాంటివి.

నల్లమట్టి కొంచెం ఉర్సులా ఇంటికి కూడా తెచ్చింది. వంటింట్లో గాజు గ్లాసులో కలిపి, కాగితం పెద్దమ్మ చేతికే ఇచ్చి ముంచమంది. ఎర్రబడ్డ కాగితాన్ని పెద్దమ్మ కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది.

"అంటే?"

"అంటే నీ వరసలు చార మీద పడ్డాయి. హాంజా వరసలు పక్కన పడ్డాయి. ఆ నేలలో ఎవరు నాటినా రెండో ఏడు చచ్చేవే."

"వేళ్లు కిందికే పెట్టాను నేను."

"కిందికే పెట్టావు పెద్దమ్మా. అదే వాటికి ముప్పయింది."

పెద్దమ్మ కాగితాన్ని గ్లాసు పక్కన పెట్టింది. కళ్లు తుడుచుకుంటుందేమో అనుకుంది ఉర్సులా. పెద్దమ్మ లేచి, చేతులు కడుక్కుని, హాంజాకు ఫోన్ చేసింది. ఆ దళంలో ఇంకా బతికున్నది ఆ ఇద్దరే. సోర్బు భాషలో గంటసేపు ఏకధాటిగా సాగింది ఆ మాట. చివరికి పెద్దమ్మ ఫోన్ పెట్టేసి ఎర్రబడ్డ ముఖంతో అంది.

"విన్నావా దాని పొగరు? 'నాకు అప్పుడే అనుమానం వచ్చింది' అంటోంది! అనుమానం వస్తే నవ్వడం దేనికే అన్నాను. 'అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నీ ఏడవనా?' అంది."

"దళం పెద్ద ఉన్నాడా ఇంకా?"

"పోయి పదేళ్లు. శ్మశానంలో మావాళ్ల సమాధుల వరసలోనే ఉన్నాడు. ఆ మట్టి ఇంకా ఉంటే ఇలా ఇవ్వు, వాడి సమాధి మీది పూలకుండీలో వేసొస్తా."

ఉర్సులా మట్టి దాచేసింది.

మరుసటి ఏడాది వేసవి చివర, ప్యానెళ్లన్నీ బిగించి, గొర్రెలను మేతకు వాటి కిందికి తోలాక, ఇద్దరు ముసలమ్మలనూ కారులో ఎక్కించుకుని చూపించడానికి తీసుకెళ్లింది. హాంజా చేతికర్ర, పెద్దమ్మ చేతికర్ర, రెండూ ఒక్క డిక్కీలో పెట్టడానికే గొడవ. పార్కు అంచున దిగి, కంచె పక్కగా నడిచారు. కాంక్రీటు దిమ్మెల వరస దగ్గర పెద్దమ్మ ఆగింది.

"ఇదిగో, ఇక్కడే నావి."

"నీవి ఇక్కడ కాదు, అటు" అంది హాంజా. "ఇవి మార్గా వరసలు. నీవి రైలు కట్టకు దగ్గర."

"మార్గా అప్పటికి పురిటికి పోయింది!"

"పురిటికి పోయింది రెండోసారి నాటినప్పుడు. మొదటిసారి నాటిందిగా!"

గొర్రె ఒకటి మేత మానేసి కంచె దగ్గరికి వచ్చి వాళ్లనే చూస్తోంది. ఉర్సులా కంచె కమ్మీకి ఆనుకుని, ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చడానికి ఇప్పుడు ఏ దారైనా ఉందా అని ఆలోచిస్తోంది. రెండో ఏడుకే ఎండిపోయిన వేరు ఒక్కటి దొరికినా చాలు, అవి పెద్దమ్మ వరసలేనని తేలుతుంది. దిమ్మెలకు ఇవతల, వదిలేసిన చారలో పార వేయనిస్తారా అని వీలాండ్‌ను అడగొచ్చు.

"వూర్షా, ఆ ముఖం నాకు తెలుసు" అంది పెద్దమ్మ. "ఇవాళ తవ్వడాల్లేవు. భోజనానికి పద. అబద్ధాలాడితే హాంజాకు ఆకలెక్కువ."

"ఆడింది నువ్వు, ఆకలి నాకా?" అంటూ హాంజా అప్పటికే కారు వైపు నడుస్తోంది.